మూడు వేళ్లు వెనక్కి

మొన్న మా మనవరాలు నా పాత రేంజ్‌ఫైండర్ కెమెరాను భూపాలపల్లి తీసుకుపోయింది. పెళ్లిళ్లకు ఫొటోలు తీయడమే ఆమె వృత్తి. స్నేహితురాలి పెళ్లి కదా అని, సరదాకు ఒక ఫిల్ము రీలు దానితో తీసిందట. నిన్న ఆ ఫొటోలు నా ముందు పరిచి, "తాతా, నీ లెన్సు ఖరాబైంది. కండ్ల మీద ఫోకస్ పెడితే చెవులు సాఫ్ వస్తున్నయి. ఇగ దీన్ని బీరువాల పెట్టి తాళం వెయ్యి" అంది. నాకు చర్రుమంది. "ఎపర్చర్ ఎంత పెట్టినవ్?" అని గద్దించాను. "నాలుగు" అంది. కోపం కాస్తా నవ్వయిపోయింది. ఈ నేరం మోపడం ఇది రెండోసారి. మొదటిసారి లెన్సు మీద కాదు, నా మీద మోపారు.

అప్పుడు నేను జనగామలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. యజమానిని ఉస్తాద్ అనేవాళ్లం. డోర్నకల్ రైల్వే గార్డు ఒకాయన ఉద్యోగం ముగించుకుని సొంతూరు వెళ్లిపోతూ ఉస్తాద్‌కు అమ్మిన కెమెరా అది. వెడల్పాటి లెన్సు. ఇంట్లో దీపం వెలుగున్నా చాలు, ఫ్లాష్ అక్కర్లేదు. అయితే ఆ రకం కెమెరాలో మనం లెన్సులోంచి చూడం. పక్కనున్న చిన్న కిటికీలో ఒకే మనిషివి రెండు బొమ్మలు కనిపిస్తాయి. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పితే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. ఇంట్లో లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆరుబయట ఎండకు ఎపర్చర్‌ను, అంటే లెన్సులో వెలుతురు దూరే రంధ్రాన్ని, నాలుగుకు తగ్గించి తీస్తే మాత్రం ముఖాలు ఆవిరి పట్టినట్టు వచ్చేవి. "నీ కండ్లకు పొరలొచ్చినయిరా" అని తేల్చేశాడు ఉస్తాద్. పాతికేళ్లు నిండని నాకు పొరలు! కళ్ల దవాఖానకు తోలాడు. డాక్టరు అన్నిటికన్నా చిన్న అక్షరాలు చదివించి, తన టైం పాడు చేశానని నన్నే తిట్టి పంపాడు. అయినా ఉస్తాద్ నమ్మలేదు. "ఇంకొక్క పెండ్లి ఖరాబ్ చేసినవనుకో, కెమెరా ఇడిసిపెట్టి చీకటిగదిల ఫొటోలు కడుగుకుంట కూసో" అన్నాడు. ఏడో తరగతితో బడి మానేసినా, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కెమెరా పుస్తకాన్ని అట్ట నుంచి అట్టదాకా చదివినవాణ్ణి నేను. అందులో ఈ జబ్బు గురించి ఒక్క ముక్క లేదు. అది రాసినాయన మీద నాకిప్పటికీ కోపమే.

ఆ తర్వాతి పెళ్లి మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో. పెళ్లికూతురి నాయనమ్మ తన చేత్తో కుట్టుకున్న అద్దాల బట్టలేసుకుని వాకిట్లో కొంచెం పక్కకు తిరిగి కూర్చుంది. ఎపర్చర్ నాలుగు మీద ఉంచి, కంటి మీద ఫోకస్ పెట్టి, ఊపిరి బిగబట్టి తీశాను. కడిగి చూస్తే మళ్లీ మసకే. ఉస్తాద్ కంట పడకముందే ఆ ఫొటోను చొక్కాలో దాచుకుని, కెమెరా భుజాన వేసుకుని తండాకు రైలెక్కాను, మళ్లీ తీస్తానని బతిమాలుకుందామని. అవ్వ ఫొటోను ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. తిడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది.

"ఏం కెమెరా నాయినా నీది! ఎదమీది అద్దాలు మబ్బు పట్టినయి, ఎనుక భుజం మీదియి మెరుస్తున్నయి. గీ అద్దం కుట్టేటప్పుడు జర పగిలింది, గా పగులు గూడ పడ్డది సూడు. నా ముఖం ఎదురుంగ ఉంటే, గది ఎనుకకెందుకు సూసింది?"

ఒక్కొక్క అద్దం తన చేత్తో కుట్టిన మనిషి. ఏది ఎక్కడుందో ఆమెకు తెలియనిదా? కంటికీ, మెరిసిన ఆ అద్దానికీ లోతులో ఎంత తేడా ఉందో మూడు వేళ్లు అడ్డంగా పెట్టి చూపించింది. నా బుర్రలో దీపం వెలిగింది. ఇంటికీ ఎండకూ నా కళ్లు మారలేదు, ఫోకస్ పెట్టే తీరు మారలేదు. మారింది ఎపర్చర్ ఒక్కటే! రంధ్రం చిన్నదైతే ఫోకస్ వెనక్కి జరుగుతోందేమో! మళ్లీ కూర్చోమని బతిమాలాను. "కూసుంట గని, ఛాయ్ తాగినంక" అంది. ఫోకస్ రింగు కదపకుండా ఎపర్చర్ మారుస్తూ వరసగా తీస్తుంటే తండా అంతా పోగైంది. "ఒక్క ముసలామెకు గిన్ని ఫొటోలా?" అని కోడలు దెప్పింది. "కుళ్లుకోకే, అందమున్నోళ్లకు గట్లనే తీస్తరు" అంది అవ్వ, మెడ కదపకుండానే.

కడిగి చూస్తే, పూర్తిగా తెరిచి తీసిన దాంట్లో ఎదమీది అద్దాలు తళతళ. నాలుగుకు వచ్చేసరికి ఆ స్పష్టత మూడు వేళ్లు వెనక్కి జరిగింది. ఎనిమిదిలో రంధ్రం ఇంకా చిన్నదై, ముందూ వెనకా అంతా స్పష్టంగా వచ్చి అన్ని అద్దాలూ మెరిశాయి. వాటిని భూతద్దంతో సహా ఉస్తాద్ ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ వంగి చూశాడు. చివరికి భూతద్దం దించి, "గా కండ్ల డాక్టరు పొద్దుగాల ఎన్నింటికి కూసుంటడురా? నేను గూడ పోవాలె" అన్నాడు. కెమెరా తీసి తనే నా మెడలో వేశాడు.

అప్పటినుంచీ ఎపర్చర్ నాలుగు మీద ఉంటే కళ్ల మీద ఫోకస్ పెట్టి, మూడు వేళ్లు వెనక్కి ఒరిగి నొక్కేవాణ్ణి. నేను వెనక్కి ఒరిగితే, వాళ్ల వెనక్కి పోయిన ఫోకస్ మళ్లీ కళ్ల మీదికి వచ్చేది. నా ఒరుగుడు చూసి పెళ్లికూతుళ్లు నవ్వేవాళ్లు. అందుకే నేను తీసిన పెళ్లి ఫొటోల్లో మూతి ముడుచుకున్నవాళ్లు కనిపించరు. నవ్వించే విద్య ఏదో నాకుందని రేగొండ దాకా పేరొచ్చింది. నేనూ కాదనలేదు.

ఈ పొద్దున మనవరాలికి వాకిట్లో అదే నేర్పాను. మొదటిసారి ఎంత ఒరిగిందంటే వెనకున్న నీళ్ల గోలెంలో పడబోయింది. "గంత కాదు బిడ్డా, మూడు వేళ్లే" అన్నాను. ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం. కోపంతో ఉడికిపోయిన ఆ రోజుల్లో ఉస్తాద్ ముఖం నాకెప్పుడూ మసకగానే ఉండేది. ఇన్నేళ్లు వెనక్కి జరిగాక చూస్తే, భూతద్దం దించుతూ ఆయన మీసాల కింద దాచుకున్న నవ్వు కూడా సాఫ్‌గా కనిపిస్తోంది.