ముందు బ్రేకు నొక్కితే టక్

“మూడుసార్లు విప్పావు గదా పుండలీకా, అసలా చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో నీకు తెలుసా, తెలీదా?”

మాపుసా బస్టాండు పక్కన, పైలట్ల స్టాండులో, పదిహేడు మంది వింటుండగా బస్త్యాంవ్ అడిగిన ప్రశ్న ఇది. మోటారు సైకిలు వెనక సీటు మీద బేరం ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు ఇక్కడ పైలట్. ముందు మడ్‌గార్డు పసుపురంగులో ఉంటే అది పైలట్ బండి. బస్త్యాంవ్ వాళ్ళందరికీ పెద్ద. అతను గొంతు పెంచడు. అందుకే ఆ ప్రశ్న అంత గట్టిగా తగిలింది.

పుండలీక్ చారి తల గోక్కున్నాడు. “తెలిస్తే మూడుసార్లు ఎందుకు విప్పుతాను?” అన్నాడు.

అది నిజాయితీ అని కొందరు మెచ్చుకోవచ్చు. నిజానికి అతనికి అబద్ధం వెతుక్కునే ఓపిక లేదు. వయసు అరవై ఒకటి. మోకాళ్ళు రెండూ అరిగాయి. మునిసిపాలిటీ గోడకి ఆనించిన రేకుల షెడ్డులో ముప్ఫై మూడేళ్ళుగా గొంతుక్కూర్చుని పనిచేస్తే అరగక ఏం చేస్తాయి? మెకానిక్కుల గురించి రాసేవాళ్ళకి ఒక జబ్బుంది. నూనె మరకల చేతులు కనబడగానే వాటిలో దేవుణ్ణి చూస్తారు. బండి చప్పుడు విని రోగం చెప్పేస్తాడనీ, ఇంజనుతో మాట్లాడతాడనీ రాసేస్తారు. పుండలీక్ ఇంజన్లతో మాట్లాడడు, మనుషులతోనే తక్కువ. అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే: అనుమానం ఉన్నది విప్పడం, అరిగితే మార్చడం, బిగించి నడిపి చూడడం. పదింట తొమ్మిదిసార్లు అది సరిపోతుంది. పదోది కుస్తోదీ బండి.

కుస్తోదీ నలభై అయిదేళ్ళ పైలట్. బండికి పదకొండేళ్ళు. కోర్టు గుట్ట మీంచి మార్కెట్టుకి దిగేటప్పుడు ముందు బ్రేకు నొక్కితే కిందెక్కడో టక్కుమంటుంది. వదిలి మళ్ళీ నొక్కితే మళ్ళీ టక్. వెనక కూర్చున్న టీచరమ్మ ఒకావిడ భయపడి సగం దారిలో దిగిపోయింది. సగం డబ్బులే ఇచ్చింది.

మొదటిసారి పుండలీక్ బ్రేకు ప్యాడ్లు మార్చాడు. అవి నిజంగానే అరిగున్నాయి. నడిపి చూస్తే చప్పుడు లేదు. సాయంత్రానికి కుస్తోదీ మళ్ళీ వచ్చాడు. రెండోసారి ముందు బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండిల్ ముందుకీ వెనక్కీ ఊపి చూస్తే హ్యాండిల్ మెడ దగ్గర కాస్త ఆడింది. అక్కడి గోళీల బేరింగులు మార్చాడు. నడిపి చూస్తే చప్పుడు లేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. మూడోసారి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు రెండూ దింపి, లోపలి బుష్‌లు, నూనె మార్చాడు. రోజంతా పట్టింది. నడిపి చూశాడు, చప్పుడు లేదు. ఆ సాయంత్రం కుస్తోదీ గుట్ట దిగుతుంటే, టక్.

పాత బండిలో ఎక్కడ చెయ్యి పెట్టినా ఎంతో కొంత లూజు దొరుకుతుంది. అరవై దాటినవాడికి ఏ డాక్టరైనా ఏదో ఒక రోగం చెప్పగలిగినట్టే. దొరికిన లూజునల్లా నేరస్థుడనుకోవడమే పొరపాటు.

“నీ దగ్గర ఊరుకుంటుంది, నా దగ్గర అరుస్తుంది. నువ్వంటే భయమేమో మేస్త్రీ!” అన్నాడు కుస్తోదీ మూడోసారి, నవ్వకుండా.

స్టాండులో ఒక కట్టుబాటు ఉంది. పద్దెనిమిది బండ్లూ ఒకే మేస్త్రీ దగ్గరికి పోవాలి. ఒకడు మారితే అందరూ మారాలి. విడివిడిగా పోతే బేరం ఆడే బలం పోతుందని బస్త్యాంవ్ వాదన. ఆ పద్దెనిమిది బండ్లు పుండలీక్ సంపాదనలో ముప్పాతిక వంతు. అందుకని ఆ రోజు బస్త్యాంవ్ ప్రశ్నకి ఒక తోక కూడా ఉంది.

“ఆదివారం మన స్టాండు శిలువ దగ్గర లదైన్ ప్రార్థన పాడతాం. ప్రార్థన అయ్యాక అందరం అక్కడే ఉంటాం. ఈలోగా ఆ చప్పుడు పోకపోతే బైపాస్ గ్యారేజీ వాణ్ణి పిలిచి మాట్లాడతాం. తర్వాత చెప్పలేదనకు.”

“పిలుచుకోండి,” అన్నాడు పుండలీక్. అని షెడ్డుకి వచ్చి బల్ల మీద పడుకున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మాపుసాలో ఎవడూ ఏదీ బాగుచెయ్యడు. కానీ అతనికి నిద్ర పట్టలేదు. పోతే పోయిందిలే అనుకున్నాడు. కొడుకు వాస్కోలో క్రేను నడుపుతున్నాడు, కూతురు బిచోలీలో నర్సు, తిండికి లోటు లేదు. ఆ మాట తనకి తనే రెండుసార్లు చెప్పుకున్నాడు. రెండోసారి చెప్పుకోవలసి వచ్చిందంటేనే అది అబద్ధం. ఏ పద్ధతిని నమ్మి ముప్ఫై మూడేళ్ళు బతికాడో ఆ పద్ధతి ఒక టక్కు ముందు ఓడిపోయి, ఆ సంగతి ఊరంతా తెలిశాక, తిండి అరుగుతుందా?

నాలుగింటికి లేచి స్టాండుకి వెళ్ళాడు. వరసలో కుస్తోదీ నంబరే ముందుంది. పుండలీక్ వెనక సీటెక్కాడు. ముప్ఫై మూడేళ్ళలో పైలట్ బండి వెనక కూర్చోవడం అదే మొదలు.

“ఎక్కడికి?” అన్నాడు కుస్తోదీ అలవాటుగా. వెనక్కి తిరిగి చూసి కంగారుపడ్డాడు. “నువ్వా! ఏమైంది మేస్త్రీ, నీ స్కూటర్ని కూడా నువ్వే బాగుచేశావా?”

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

“కోర్టు దాకా పోనీ. మళ్ళీ కిందికి.”

“డబ్బులు?”

“టీచరమ్మ ఇచ్చినంత ఇస్తాను. సగం.”

గుట్ట దిగుతుంటే మొదటి మలుపులో టక్. రెండో మలుపులో టక్. పుండలీక్ మొదటిసారి ఆ చప్పుడు విన్నాడు. అంతకుముందు మూడుసార్లూ అతను బాగుచేసింది తను వినని చప్పుడు.

“ఆపు,” అన్నాడు. “బ్రేకు వదలకు. కాళ్ళు నేలకి ఆనించి బండిని ముందుకీ వెనక్కీ ఊపు.”

రోడ్డు పక్కన మోకాళ్ళు పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. హ్యాండిల్ మెడ మీద వేలు పెట్టాడు. అక్కడ కదలిక లేదు. బ్రేకు ప్యాడ్లున్న చోట పెట్టాడు. లేదు. చక్రం ఇరుసు దగ్గర పెట్టాడు. లేదు. చప్పుడు మాత్రం టక్, టక్ అని వస్తూనే ఉంది. పైనుంచి వచ్చే బస్సు హారన్ కొడుతోంది. లేద్దామని చూస్తే కుడి మోకాలు సహకరించలేదు. పడబోతూ చేతికందినదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అందింది పసుపు మడ్‌గార్డు.

“చెయ్యి తియ్యి! రంగు! రేపు బండి తనిఖీ, పాసింగ్!” అని కుస్తోదీ గావుకేక పెట్టాడు. పెడుతూ, కంగారులో బండిని ఊపుతూనే ఉన్నాడు.

చప్పుడు ఆగిపోయింది.

పుండలీక్ చెయ్యి తీశాడు. టక్. మళ్ళీ పట్టుకున్నాడు. చప్పుడు లేదు. ఇలా నాలుగుసార్లు చేశాడు. కుస్తోదీ నాలుగుసార్లూ తిట్టాడు.

“కుస్తోదీ, నువ్వు బండి తెచ్చినప్పుడల్లా నా చేత ముందుగా ఏం విప్పించేవాడివి?”

“ఏముంది, మడ్‌గార్డు. కొత్త రంగు గీరుకుపోతే పాసింగ్‌లో వెనక్కి పంపుతారు. దుప్పటిలో చుట్టి మేకుకి తగిలించేవాణ్ణి కదా.”

“నేను నడిపి చూసినప్పుడు?”

“మేకుకే ఉండేది. ఎందుకు?”

పుండలీక్ ఎండ తగ్గని రోడ్డు మీద కూలబడ్డాడు. చప్పుడు చేసేదాన్ని గోడకి తగిలించి, మిగతా బండినంతా విప్పి బిగించాడు. అదీ మూడుసార్లు. పైలట్ బండి కాకపోతే ఈ పొరపాటు జరిగేది కాదు. మామూలు మనిషి మడ్‌గార్డుకి దుప్పటి కప్పడు మరి.

షెడ్డుకి తెచ్చి విప్పితే సంగతి తేలింది. ఫోర్కులు రెంటినీ కలిపి పట్టుకునే ఇనపకమ్మీ మడ్‌గార్డు కిందే ఉంటుంది, నాలుగు బోల్టుల మీద; మడ్‌గార్డు విప్పితే అదీ దానితోనే ఊడొస్తుంది. డిస్క్ బ్రేకు ఒక పక్కే ఉంటుంది కాబట్టి నొక్కినప్పుడు ఒక ఫోర్కు ఎక్కువ లాగుతుంది, రెండోది తక్కువ. బోల్టులు బిగువుగా ఉంటే కమ్మీ ఆ తేడాని ఓర్చుకుంటుంది. ఇక్కడ స్పానరు వేస్తే బిగువుగానే తగిలాయి. కానీ ఆ బిగువు రంగుది. ఏటా పాసింగ్‌కి ముందు కుస్తోదీ పెయింటరు బోల్టులు కూడా పసుపుగా కనబడాలని వాటిని రంగు డబ్బాలో ముంచి తీసేవాడు, తల కిందున్న మర చుట్లతో సహా. పదకొండేళ్ళ పసుపు మరల్లో ఇరుక్కుని బోల్టుని బిగించినట్టు పట్టేసింది. కమ్మీ మాత్రం వెంట్రుకవాసి వదులుగానే ఉండిపోయింది.

తనే కనిపెట్టేశానని, లోపం బుష్‌లో ఉండిపోయిందని, ఇప్పుడు సర్దేశానని ఒక మాట అనేస్తే పోయేది. పుండలీక్‌కి ఆ ఆలోచన వచ్చిందని అతనే నాతో చెప్పాడు. సత్యం పలికించే పెద్దగుణాల సంగతి నాకు తెలీదు. అతను అబద్ధమాడకపోవడానికి కారణం చాలా మామూలుది. ఆకురాయితో మరలు గీకుతుండగా, ఒడి నిండా పసుపు పొలుసులతో, కుస్తోదీ చూస్తుండగా పట్టుబడ్డాడు.

“ఆ రంగేంటి? గీకేస్తున్నావా? చంపేశావు మేస్త్రీ!”

“లోపలి భాగం గీకుతున్నాను. బోల్టు తల ముట్టుకోలేదు. మరల్లోకి తొంగిచూసే ఇన్‌స్పెక్టరు ఇంకా పుట్టలేదు, ఊరుకో.”

“అంటే... ప్యాడ్లు కాదన్నమాట.”

“కాదు.”

“మెడ దగ్గరిది?”

“కాదు.”

“బుష్‌లు కూడా కాదా?”

“కాదన్నాను కదా. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు!”

నాలుగు వాషర్లు వేసి బిగించాడు. కుస్తోదీ ఒక్కడే గుట్టెక్కి దిగి వచ్చాడు. చప్పుడు లేదు. రెండోసారి కూడా వెళ్ళి, కూరల బుట్టతో ఒక ముసలావిణ్ణి ఎక్కించుకుని దిగి వచ్చాడు. లేదు. మర్నాడు పాసింగ్ అయిపోయింది. ఎవరూ మరల్లోకి తొంగిచూడలేదు.

ఆదివారం లదైన్ అయ్యాక, ఉడికించిన శనగలూ, తలా ఒక గ్లాసు ఫెణీ సారా పంచాక, బస్త్యాంవ్ విషయం ఎత్తాడు. పుండలీక్ శిలువ మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

“చప్పుడు పోయింది. మంచిదే. కానీ మొదటి మూడు రిపేర్లూ అక్కర్లేనివి. అవునా?”

“సామాన్లు అరిగినవే, పాత్రాంవ్,” అన్నాడు కుస్తోదీ పెద్దాయనతో, ఎవరూ అడక్కుండానే. “ఎలాగైనా మార్చాల్సినవే.”

“సామాన్ల సంగతి కాదు. కూలి. ఏమంటావు పుండలీకా?”

పుండలీక్ వాదించవచ్చు. ముప్ఫై మూడేళ్ళ లెక్క తీయవచ్చు. పావలా తీసుకోకుండా బాగుచేసిన బండ్ల పేర్లు చెప్పవచ్చు. అరగంట మాట్లాడితే సగం మందిని తన వైపు తిప్పుకునేవాడే. అతను శనగలు నమిలి మింగాడు.

“కూలి వెనక్కిస్తాను,” అన్నాడు. “ఒక్కసారి కాదు. కుదిరినప్పుడల్లా.”

“పనిలో మినహాయించుకోవచ్చు కదా?” అన్నాడొకడు.

“కుదరదు,” అన్నాడు కుస్తోదీ. “నేను రొక్కమిచ్చాను. నాకు రొక్కమే కావాలి.”

బస్త్యాంవ్ సరేనన్నాడు. బైపాస్ గ్యారేజీ మాట మరి రాలేదు. పద్దెనిమిది బండ్లూ ఇప్పటికీ రేకుల షెడ్డుకే వస్తున్నాయి. ఎవరి బండి వచ్చినా పుండలీక్ ముందు మడ్‌గార్డు ఉంచే ఒకసారి నడిపి చూస్తున్నాడు. వాళ్ళు దుప్పటి పట్టుకుని మొత్తుకుంటున్నా వినడం లేదు.

మూడు రిపేర్ల కూలి పదహారు వందలు. అందులో వెయ్యి ఇచ్చేశాడు. ఇంకా ఆరువందలు ఇవ్వాలి.