మాయమైన మచ్చ

పోయిన ఆదివారం మా మేనకోడలు షోళింగనల్లూరు నుంచి వచ్చి, కాఫీ కూడా ముట్టకుండా, వాళ్ళ నాన్న, అంటే మా పెద్దన్న, తల స్కానింగ్ ఫిల్ములు ఇంకా ఉన్నాయా అని అడిగింది. మెదడులో లింఫోమా అనే క్యాన్సర్ వచ్చినవాళ్ళ స్కానింగులు కంప్యూటరుకు చూపించి, ఎవరికి మందు పనిచేస్తుంది, ఎవరు ఎన్నాళ్ళు నిలుస్తారు అన్నది ముందుగా చెప్పించడమే దాని ఉద్యోగం. తండ్రిని తీసుకుపోయిన జబ్బునే వెతుక్కుంటూ పోయి ఆ పనిలో చేరిందని నాకు మొదటినుంచీ దిగులే. అయినా బీరువా మీది పెట్టె దించి ఇచ్చాను.

మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఫిల్ము ఇంటికి తెస్తే చదువు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ కిటికీ వెలుగుకు పట్టి చూసి తలా ఒక మాట అనేవాళ్ళు. మాది మిరపకాయల మండీ. అన్నకు తలనొప్పి మొదలై, మాట తడబడి, తీయించిన మొదటి ఫిల్ములో తల నడుమ తెల్లటి మచ్చ కనబడింది. వాపు తగ్గడానికని మందు ఇచ్చి, కొన్నాళ్ళకు మళ్ళీ తీస్తే మచ్చ లేదు. రెండు ఫిల్ములూ పక్కపక్కన పట్టుకొని మా నాన్న మండీలోనే ఏడ్చేశాడు. ఈ రకం గడ్డ ఆ మందుకు కరిగినట్టే కరిగి మళ్ళీ వస్తుంది, ముక్క తీసి పరీక్ష చేయాల్సిందేనని పెద్ద డాక్టరు మొత్తుకున్నాడు గాని, ఏడుకొండలవాడే తుడిచేశాక ఇంకా కత్తి ఎందుకని, ఆ డాక్టరు నోరు మంచిది కాదని, నాన్న మమ్మల్ని మళ్ళీ ఆ గడప తొక్కనివ్వలేదు. అందరమూ తిరుమల పోయి వచ్చాము. అన్న గుండుతో నవ్వుతూ మండీకి వచ్చి మూటలు మోసేవాళ్ళకంతా లడ్డు పంచిపెట్టాడు. ఆ కొద్ది నెలలూ మా ఇంట్లో ఉన్న సంతోషం అంతకు ముందూ లేదు, తర్వాతా లేదు.

ఒక పొద్దున అన్న మండీ వాకిట్లోనే నిలబడి, మన మండీ ఏడుంది అని నాన్నను అడిగాడు. ఈసారి మచ్చలు తలకు రెండు పక్కలా ఉన్నాయి. వైద్యం మొదలుపెట్టేలోపే మాట పడిపోయింది, నెల తిరక్కుండా మనిషీ పోయాడు. మా మేనకోడలు అప్పటికి ఇంకా ఊహ తెలియని పిల్ల. నాన్న బతికినన్నాళ్ళూ మళ్ళీ కొండకు పోలేదు.

మేనకోడలు నిన్న ఫోన్ చేసింది. పాత ఫిల్ములతో గట్టిగా చెప్పలేము గాని, గడ్డ అంత లోతున ఉండడం చూస్తే దాని కంప్యూటరు మొదటి రోజే ఆశ తక్కువని చెప్పి ఉండేదట, సరైన మందు పడితే ఇంకొంత కాలం దొరికేదేమోనట. తాత మీద దానికి కోపం కూడా లేదు. "అత్తా, కొండ నుంచి వచ్చాక నాన్న నాతో ఏం మాట్లాడేవాడు?" అని మాత్రం అడిగింది.

ఎంత ఆలోచించినా నాకు ఒక్క మాటా గుర్తు రాలేదు. బాగైపోయాడనుకున్న మనిషి మాటలు ఎవరు దాచుకుంటారు? ఇప్పటివాళ్ళకు మొదటి స్కానింగులోనే సంగతి తెలిసిపోతోంది, ఇంట్లో నవ్వు చచ్చిపోతుంది, నిజమే, కానీ పక్కన కూర్చుని ప్రతి మాటా సెల్లులో పట్టుకుంటారు. మా అన్న దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకొని గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు, అంతవరకే నాకు తెలుసు. వదిన కూడా పోయాక, ఆ కబుర్లేమిటో దానికి చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.