సాల్హా చేతులకు పట్టిన నలుపు

సాల్హా చేతుల గురించి గాబెస్‌లో చెప్పుకున్న మాటల్లో చాలా వరకు నిజం కాదు. దిష్టి తగిలిందన్నారు. అంటుజబ్బు అన్నారు, ఆమె టీ తాగిన గ్లాసును విడిగా కడిగి బోర్లించిన ఇళ్ళు ఉన్నాయి. సముద్రపు ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీల పొగ అన్నారు; ఆ పొగ సంగతి వేరుగా విచారించవలసినదే కాని, ఈ నేరం దానిది కాదు. గాబెస్ గోరింటాకే చెడిపోయిందని పై ఊళ్ళ వర్తకులు సంబరంగా చెప్పుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచిన మాట మరొకటి: పెళ్ళికూతుళ్ళ చేతులు త్వరగా నల్లబడాలని సాల్హాయే గోరింటాకులో జుట్టు రంగు కలిపిందని. ఈ చివరి మాట ఎవరి నోట పుట్టిందో తెలిసిన తరువాత కూడా ఆమె దాన్ని ఖండించలేదు. అందుకే అది ఇంకా బతికి ఉంది.

సాల్హా హన్నానా, అంటే పెళ్ళికూతుళ్ళకు గోరింటాకు పెట్టే మనిషి. హన్నానా పని గోరింటాకు పెట్టడంతో తీరదు. పెళ్ళివారమంతా పిల్లను కనిపెట్టుకుని ఉండాలి; హమామ్‌కు, ఊరి స్నానశాలకు, తీసుకువెళ్ళాలి, తినకపోతే తినిపించాలి, బెదిరితే నవ్వించాలి. ఆ విద్యను ఆమె అత్తగారి దగ్గర నేర్చుకుంది. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆయన చెల్లెలు ముఫీదా పెళ్ళి లేకుండా ఉండిపోయింది. ఇద్దరూ ఒకే ప్రాంగణంలో, ఎదురెదురు గదుల్లో బతికారు. ఖర్జూరపు చెట్ల నీడలో ఉన్న తన మడిలో ఆకు కోసి నీడన ఆరబెట్టేది సాల్హా. దంచి, జల్లెడ పట్టి పొడి చేసేది ముఫీదా. కలిపి పెట్టేది మళ్ళీ సాల్హా. ఆకుకీ పెళ్ళికూతురికీ మధ్య నాలుగు చేతులే ఉండేవి. ఆ నాలుగూ తనవేనని సాల్హా అనుకునేది.

గాబెస్‌లో పెళ్ళికూతురి చేయి ఒక్క రాత్రిలో పండదు. పెట్టి, గుడ్డ చుట్టి, పొద్దున్నే కడిగి, మరునాటి రాత్రి మళ్ళీ దాని మీదనే పెడతారు. ఖర్జూరపు పాకంలా నల్లటి రంగు వచ్చే వరకు అలా సాగాలి. ఎర్రటి చేతులతో అత్తవారింటికి వెళ్ళిన పిల్లను చూస్తే, తల్లికి తొందరెక్కువని ఆడవాళ్ళు మూతి తిప్పుకునేవారు. అయితే కాలం మారింది. ఇన్ని రాత్రులు కూర్చోబెట్టే ఓపిక ఇళ్ళలో తగ్గింది. బజారులో కొత్తగా తెరిచిన సెలూన్లు గంటలో నల్లటి పువ్వులు వేసి పంపుతున్నాయి.

ఆ వేసవిలో సాల్హా గోరింటాకు కూడా ఒక్క సాయంత్రంలోనే నల్లబడడం మొదలుపెట్టింది.

"లల్లా సాల్హా, నీ ఆకు ఈసారి కాఫీ తాగొచ్చిందేమిటి?" అని, మర్యాదకు లల్లా అంటూనే, ఒక పెళ్ళికూతురి మేనత్త నవ్వింది.

"గాబెస్ ఆకమ్మా. ఎవరి ముందు ఎలా కనబడాలో దానికి తెలుసు," అంది సాల్హా.

ఆ జవాబులో గర్వం ఉంది. గోరింటాకు అంత త్వరగా నల్లబడదని ఊళ్ళో అందరికన్నా ఎక్కువగా ఆమెకే తెలియాలి. అయితే తన మడి మీద, తన నీటి మీద ఉన్న నమ్మకం ఆ ప్రశ్నను ఆమె నోటి దాకా రానివ్వలేదు.

కొన్ని వారాలకు ఆమె వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. చర్మం ఎర్రబడింది, సన్నటి నీటిపొక్కులు లేచాయి, అవి చిట్లి రసి కారింది, ఆరినచోట పగుళ్ళు పడ్డాయి. పగిలిన మడమకైనా, చెమట పొక్కులకైనా గాబెస్ ఇళ్ళలో మొదటి మందు గోరింటాకే. సాల్హా కూడా పెళ్ళిళ్ళలో మిగిలిన ముద్దను ప్రతి రాత్రీ తన పుండ్ల మీద పట్టించుకునేది. రెండు చేతులకూ మందు పెట్టుకున్నాక గుడ్డ ముడి వేసుకోలేదు గదా, ఆ పని ముఫీదా చేసేది. పొద్దుటికి పుండు మరింత రేగేది. సాల్హా మరింత మందంగా పట్టించేది. పక్కింటివాళ్ళు ఇచ్చిన ఏదో ట్యూబు రాస్తే వారంలో తగ్గింది. మానగానే తిరిగి వచ్చింది.

అప్పుడు ఇన్సాఫ్ పెళ్ళి వచ్చింది. గోరింటాకు పెట్టిన రెండో రోజున ఆ పిల్ల ముంజేతులు, పువ్వులు వేసిన గీతల వెంబడే, ఉబ్బి పొక్కులెక్కాయి. పెళ్ళిలో ఆమె చేతులను శాలువా కింద దాచి కూర్చోబెట్టారు. తల్లి రుఖయ్యా వాకిట్లోనే నిలబడి మాట్లాడింది.

"ఖాల్తీ, నిన్ను పిన్ని అని పిలిచి నా బిడ్డ చేతులు నీ చేతుల్లో పెట్టాను. నీ రోగం దానికి అంటించి పంపావు."

ఆ తరువాత ఆమెను ఎవరూ పిలవలేదు. తన చేతిలోనే చెడు ఉంటే పని మానుకోవాలి; లేకపోతే ఎక్కడుందో తెలియాలి. ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికే ఆమె స్ఫాక్స్ నగరంలోని చర్మవైద్యురాలి దగ్గరకు బస్సెక్కింది.

డాక్టర్ రౌదా చేతులను తిప్పి తిప్పి చూసి, ఇది అంటుకునేది కాదని ముందుగానే చెప్పింది. చర్మం ఒక గోడ. కొందరికి ఆ గోడ పుట్టుకతోనే పలచన. చిన్నప్పటి నుంచీ మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనుక ఎగ్జిమా వచ్చిపోతుంటుంది. కొందరికి సబ్బూ నీళ్ళూ నానినాని గోడ పెచ్చులూడుతుంది. ఇంకొందరిలో ఒంటికి ఒక్క పదార్థంతో పగ పుడుతుంది. ఆ పగ ఇక పోదు, అది తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు రోజుల్లో అక్కడే లేస్తుంది. నీది ఏ రకమో ఊహించకూడదు, పరీక్షించాలి, అంది. చేతికి తగిలేవన్నీ తెమ్మంది.

సాల్హా సబ్బు తీసుకువెళ్ళింది, నిమ్మకాయ తీసుకువెళ్ళింది. గోరింటాకు నిర్దోషి అని నిరూపించాలన్న పట్టుదలతో రెండు పొట్లాలు తీసుకువెళ్ళింది: ఒకటి మడిలో తాను కోసి ఆరబెట్టిన ఆకు, రెండోది ముఫీదా దంచిన పొడి. అన్నిటినీ చిన్న చిన్న బిళ్ళల్లో ఉంచి వీపుకు అంటించారు. వాటి పక్కన, జుట్టుకు వేసే నల్ల రంగులోని మందు పెట్టిన బిళ్ళ ఒకటి డాక్టరే చేర్చింది. రెండు రోజులకు విప్పారు, మరో రెండు రోజులకు మళ్ళీ చూశారు.

"ఆకు ఉన్నచోట ఏమీ లేదమ్మా," అంది డాక్టరు, అద్దంలో చూపిస్తూ. "జుట్టు రంగు మందు ఉన్నచోట పొక్కు లేచింది. పొడి ఉన్నచోట కూడా అచ్చంగా అదే పొక్కు."

ఆకుకీ పొడికీ మధ్య ఉన్నవి రెండు చేతులే.

ఇంటికి వచ్చేసరికి ముఫీదా ప్రాంగణంలో జల్లెడ పడుతోంది. సాల్హా ఎదురుగా కూర్చుని వీపు సంగతి చెప్పింది. ముఫీదా జల్లెడ ఆపలేదు.

"సెలూన్ల వాళ్ళు నీ పెళ్ళిళ్ళు ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చోమంటావా వదినా? చిటికెడు రంగు. నీ పేరు నిలబెట్టింది ఆ చిటికెడే."

"పిల్లలకు పెట్టింది సరే. నా పుండ్ల మీద ప్రతి రాత్రీ అదే పెట్టుకుంటుంటే, గుడ్డ కట్టింది నువ్వే గదా ముఫీదా."

జల్లెడ అప్పుడు ఆగింది.

"చెబితే నువ్వు ఆపేస్తావు," అంది ముఫీదా. "నీ చేతులు తగ్గిపోతాయనే అనుకున్నాను."

సాల్హా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రంగు కలిపినందుకు కాదు ఆమెకు నొప్పి. ముడి బిగుసుకుందా, నొప్పిగా ఉందా అని ప్రతి రాత్రీ ఆ గొంతు ఎంతో ప్రేమగా అడిగేది. ఆ ప్రేమ కూడా నిజమే అయి ఉండవచ్చు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

మరునాడు ఆమె రుఖయ్యా ఇంటికి వెళ్ళింది. నా గోరింటాకులో జుట్టు రంగు ఉంది, నీ బిడ్డ చేతులకు అదే కారణం, అది అంటుజబ్బు కాదు, అయితే ఇన్సాఫ్ ఇక జన్మలో జుట్టుకు ఆ రంగు వేసుకోకూడదు, నల్ల గోరింటాకు తాకకూడదు అని చెప్పింది. డాక్టరు ఇచ్చిన లేపనాన్ని ఎన్నాళ్ళు రాయాలో, ఎప్పుడు తగ్గించి మానాలో, ఆపైన రోజూ నూనె మలాము రాసి చర్మాన్ని ఎలా తడిగా ఉంచుకోవాలో వివరించింది. ఎవరు కలిపారని రుఖయ్యా అడిగితే, "గోరింటాకు నాది" అని మాత్రమే అంది. ఆ వేసవిలో తాను గోరింటాకు పెట్టిన మిగిలిన ఇళ్ళకూ వెళ్ళి అదే మాట చెప్పింది.

వారం తిరగకుండా బజారులో ముఫీదా, "మా వదిన పేరాశకు నేనేం చేయను" అని ఆడవాళ్ళతో అన్నట్టు సాల్హా చెవిన పడింది. ఆమె తన మడిలో ఆకు కోయడం మానలేదు. దంచడం తానే నేర్చుకుంది, చేతికి నూలు తొడుగు, దాని మీద రబ్బరు తొడుగు వేసుకుని. చేతులు మానడానికి చాలా నెలలు పట్టింది. పెళ్ళిళ్ళకు పిలుపు మళ్ళీ రాలేదు.

ఇక తీర్పు. సాల్హా రంగు కలపలేదు. ఎవరికీ రోగం అంటించలేదు. ఒక్క సాయంత్రంలో వచ్చిన నలుపును చూసి, అడగవలసిన ప్రశ్న అడగకుండా, దాన్ని తన గొప్పగా స్వీకరించింది; ఆ తప్పు ఆమెది. తెలిసిన తరువాత ఇంటింటికీ వెళ్ళి చెప్పింది. ఒక పేరు మాత్రం చెప్పలేదు. ఆమె చేసింది ఇంతే.