పొలంలో పూడ్చిన గడ్డ

దగ్గరికి జరిగి కూర్చోండి, చేతిలో పనుంటే పక్కన పెట్టండి. మెల్లగా చెప్పమని మాత్రం అడగొద్దు. ఈ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

ఇంటింటికీ సెల్‌ఫోను అప్పుడప్పుడే వస్తావున్న కాలం. మహేంద్రమంగళంలో ఇచ్చిన మా చెల్లెలికి కడుపులో గడ్డ లేచింది. ధర్మపురిలో ఒక నర్సింగ్ హోంలో కోసి తీసినారు. డాక్టరు ఆ గడ్డను మందునీళ్ళ సీసాలో వేసి దాని మామ, అదే మొగుడి నాయన చేతికిచ్చి, "సేలం ల్యాబులో ఇచ్చేయండి" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ ఒక్క మాట చెప్పింటే ఆయన నోరేమన్నా అరిగిపోయేదా?

మామ సేలం బస్సెక్కలేదు, ఊరి బస్సెక్కినాడు. వాళ్ళింట్లో ఒక పట్టింపు. ఒంట్లోనుంచి వచ్చింది ఏదైనా పరాయి చేతిలో పడకూడదు, పడితే చేతబడి చేస్తారంట. ఊడిన పన్నయినా, పురిటి మాయయినా సొంత మట్టిలోనే కలవాల. రాగిచేను గట్టున గుంత తీసి గడ్డను పూడ్చి, పైన పాలు పోసి వచ్చినాడు.

"ల్యాబుకు ఇమ్మన్నారు కదా మామా?" అని అడిగినాను.

"తీసి పారేసిన గడ్డకు జాతకం చూపిస్తావా ఏమ్మా?" అని నవ్వినాడు. చుట్టూ ఉన్నోళ్ళు కూడా నవ్వినారు. ఆ డాక్టరేమో రిపోర్టు ఏదని ఒక్క మాటైనా అడగలేదు.

మరుసటేడు గడ్డ మళ్ళీ వచ్చింది, కాలేయంలోకి కూడా పాకింది. అది ఏ రకమో తెలియకుండానే అదే డాక్టరు క్యాన్సర్ ఇంజెక్షన్లు మొదలుపెట్టించినాడు. చెల్లెలి జడ రాలిపోయింది, నోరంతా పుండైంది. గడ్డ మాత్రం పెరుగుతానే ఉంది.

"అక్కా, నన్ను తినేది గడ్డనా, మందా?" అనింది ఒకరోజు. ఆ మాటతో నేనే దాన్ని బెంగళూరుకు లాక్కుపోయినాను. పెద్దరికం చూపించుకోవాల కదా, మామ కూడా వెంట వచ్చినాడు.

అక్కడి డాక్టరమ్మ మొట్టమొదట అడిగింది అదే. "మొదట తీసిన గడ్డ ఏ ల్యాబులో ఉంది?"

మామ గొంతు సవరించుకున్నాడు. "మా చేన్లో ఉందమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఏం పెద్దాయనా, రాగులతో పాటు మొలిచిందా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె నా పక్కకు తిరిగి చెప్పింది. గడ్డలో ఏ జీను, అదే జన్యువు, చెడిందో చూసే పరీక్ష ఉందంట. గడ్డ చేతికొచ్చినప్పుడే, ఏ మందూ ఎక్కించకముందే అది చేయించాలంట. తన అనుమానం నిజమైతే ఈ గడ్డకు ఆ ఇంజెక్షన్లు పనిచేయవంట, వేరే మాత్ర ఉందంట. "మందులన్నీ అయిపోయినాక చూసేది కాదమ్మా ఇది. ఏ మందు ఇవ్వాలో తెలుసుకోవడానికి చూసేది" అనింది.

పాత గడ్డ మట్టిపాలైంది కాబట్టి కాలేయంలోకి సూది పొడిచి కొత్త ముక్క తీసినారు. చెల్లెలు నా మణికట్టు పట్టుకొని, అరవకుండా నా గాజులు నలిపేసింది. డాక్టరమ్మ అనుమానమే నిజమైంది. మాత్ర మొదలుపెట్టినారు.

మాత్ర పనిచేసింది. నా కడుపుమంటంతా అక్కడే ఉంది. పొట్ట మెత్తబడింది, రాగిముద్ద అడిగి తినింది. అయితే ఆ ఇంజెక్షన్లు ముందే దాని ఒంట్లో సత్తువంతా పిండేసినాయి. ఒక జ్వరం వచ్చింది, తట్టుకోలేకపోయింది. గడ్డ కరుగుతావుండగానే మనిషి పోయింది.

దహనమైన మర్నాడు మామ పాలచెంబు పట్టుకొని వచ్చినాడు. "దాని ముక్క ఉన్న గట్టునే బూడిద కూడా కలుపుదామమ్మా, ఆత్మకు శాంతి" అన్నాడు.

చెంబు లాక్కొని పాలు కాలవలో పోసినాను. "ల్యాబుకు పోవాల్సింది పొలానికి పోయింది కదా మామా, పొలానికి పోయేది కాలవకు పోనీ." ఆ గడప మళ్ళీ తొక్కలేదు. వాళ్ళింట్లో పెండ్లికి పత్రిక వచ్చినా తీసుకోలేదు.

ఇంత విన్నారు కదా, మీ ఇల్లు చల్లగుండాల. మీ ఇంట్లో ఎవరికీ గడ్డ లేవకుండా ఉండనీ. లేస్తే, మొదటి మందు సూది పొడవకముందే "ఇది ఏ రకం, పరీక్ష చేసినారా?" అని గొంతెత్తి అడిగే ఆడమనిషి ఒకతి మీ ఇంట్లో ఉండనీ.