పైమన్ను

మా చేను ఐరాలకు దగ్గరే. దాంట్లో పాతకాలం సమాధులుండాయని విదేశపు పరిశోధన సంస్థ వాళ్ళు తవ్వడానికి వచ్చినారు. తిరుపతి నుంచి మన సారు ఒకాయన వాళ్ళకు తోడు, మా మాట వాళ్ళకూ వాళ్ళ మాట మాకూ చెప్పేది ఆయనే. నేనూ వాళ్ళతో పనికి దిగినాను.

తవ్విన మట్టి ఏ పొరది ఆ పొరకే కుప్ప పోయాల. ఒక దినం నా గంప జారి పైపొర నల్లమన్ను అడుగుపొర సుద్దమన్ను కుప్ప మీద పడింది. విదేశపు మేడమ్ తల పట్టుకునింది. సారు అందరి ముందరా నన్ను తిట్టినాడు.

"కలిసిపోతే మళ్ళీ విడదీయలేం పెద్దాయనా. కండ్లు యాడ పెట్టుకున్నావు?"

పనయినాక కుండపెంకులు పెట్టెల్లో సర్దుకొని, జేసీబీ పిలిపించి గుంతలన్నీ ఒక్క పూటలో పూడ్చేసినారు. నల్లమన్ను అడుక్కు పోయింది, సుద్ద పైకొచ్చింది. నేను అడ్డం పడితే, "గుంత పూడితే సాలు కదప్పా, మట్టి మట్టే" అన్నాడు సారు.

మా నాయన ఏటేటా పెంట ఎరువు తోలి మెత్తన చేసిన మన్ను అది. ఆ మేర శెనక్కాయ మొలిచి పసుపు తిరిగి ఎండిపోయింది. ముసలితనంలో అక్షరాలు నేర్చినోణ్ణి, సుట్టు తిప్పి రాయడం నాకు రాదు. నా చేను పాడు చేసినారు.

మొన్న పక్క మడి తవ్వుతామని మళ్ళీ వచ్చినారు. మేడమ్ దండం పెట్టింది.

"ముందు ఆ పైమన్ను పైకి తెచ్చి పెట్టండి" అన్నాను.

"అదెట్లయితాది పెద్దాయనా? అంతా కలిసిపోయింది కదా" అన్నాడు సారు.

"ఆ మాటే మేడమ్‌కు ఇంగ్లీషులో చెప్పప్పా."

ఆయన చెప్పలేదు. ఆమె మా ఇద్దరి మొగాలూ సూస్తా నిలబడింది. నేను ముళ్ళకంప లాగి చేని దారికి అడ్డం వేసేసినాను.