కన్నాలు మూసిన కారు

అంబాసిడర్ బానెట్ తెరవడం నేర్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మొదటి రోజు స్క్రూడ్రైవరుతో బతిమాలాను, రెండో రోజు సుత్తి చూపించి బెదిరించాను. సాయంత్రం మా ఆవిడ టీ తెచ్చి, డాష్‌బోర్డు కింద ఉన్న పిడి ఒకసారి లాగింది. టప్పుమని తెరుచుకుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకన్నా ఏం తెలుస్తుందని మీరనుకుంటే నేనేమీ బాధపడను. ఆ మాట మా మామగారు అప్పటికే అనేశారు.

ఆ కారు ఆయనదే. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఏలూరులో ఆయన ఇంటి పక్క రేకుల షెడ్డులో పదిహేనేళ్ళుగా అది నిలబడి ఉంది. గుడ్లు పెట్టడానికి కోళ్ళు తప్ప అందులోకి ఎవరూ ఎక్కేవారు కాదు. నేను చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ మోటార్లు బాగుచేసి బతుకుతాను. పాత కార్లను కొత్తగా చేసే వీడియోలు ఫోనులో చూసీ చూసీ నాకు పూనకం వచ్చింది. ఆ వీడియోల్లో తుప్పు పట్టిన కారు పది నిమిషాల్లో పెళ్ళికూతురైపోతుంది. మధ్యలో కత్తిరించిన ఎనిమిది నెలలు ఎవరూ చూపించరు.

"మామయ్య గారూ, ఇది వారసత్వ సంపదండీ. నేను బాగుచేస్తానండీ," అన్నాను.

"సంపద సంగతి తర్వాత. ఆగస్టులో మా యాభయ్యో పెళ్ళిరోజుకి చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. నన్నూ మీ అత్తయ్య గారినీ ఇందులో కూర్చోబెట్టి టైముకి చేర్చండి. చేరిస్తే బండి మీది. లేదంటే మర్నాడే పాత ఇనుము కొట్టుకి. సరేనా అల్లుడు గారూ?"

ఆయన 'అల్లుడు గారూ' అన్నప్పుడల్లా నాకు బెంచీ ఎక్కి నిలబడాలనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఆయన నాకు ఒక్క పరీక్ష కూడా పెట్టలేదు. పెట్టకుండానే ఫెయిలు చేశారు. ఇది మొదటి పరీక్ష. తప్పితే కారుతో పాటు నా పరువూ ఇనుము కొట్టుకే.

తాడేపల్లిగూడెంలో అంబాసిడర్లు తప్ప మరో బండి ముట్టని ముసలి మెకానిక్ ఉన్నారని తెలిసి, కారుని వ్యానెక్కించి తీసుకెళ్ళాను. ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. బండి మీద చెయ్యి వేసే ముందు, ఇదివరకు చెయ్యి వేసినవాణ్ణి తిట్టాలి.

"ఎవరండీ ఈ ఇంజను విప్పిన మహానుభావుడు? ఆయనకి స్పానరు పట్టుకోవడం వచ్చాండీ?"

"ఎవరో ఉంటారండీ," అన్నాను. ఆ మహానుభావుణ్ణి నేనే.

ఆరు వారాల్లో ఇంజను పలికింది, బ్రేకులు పట్టాయి. అడుగున తుప్పు తిన్నచోటల్లా ఆయన కొత్త రేకు అతికారు. "రంగూ సీట్లూ మీరు చూసుకోండి. ఇంకేమీ కెలక్కండి, మీకు దణ్ణం పెడతాను," అని పంపించారు.

కెలకకూడదనే అనుకున్నాను. కానీ రంగు వేద్దామని లోపలి మ్యాట్లు ఎత్తితే అడుగు రేకులో నాలుగు మూలలా బొటనవేలు పట్టేంత గుండ్రటి కన్నాలు. అంత పెద్దాయన వీటిని చూడకుండా వదిలేశారే, వయసు మీద పడింది పాపం అని జాలిపడ్డాను. నేను పుట్టి పెరిగింది కొల్లేటికోటలో. మా నాన్న దోనె మీద చేపలు పట్టేవారు. దోనెలో కన్నం కనిపిస్తే గోనెపీచు దట్టించి, మరిగిన తారు పోశాకే అన్నానికి కూర్చోవాలి. బళ్ళో నేర్పింది ఒక్కటీ గుర్తులేదు గాని, ఇది నా చేతులకి గుర్తుంది. నాలుగు కన్నాలూ మూసేశాను. మిగిలిన తారు అడుగంతా పూశాను. ఆ తర్వాత మా నాన్న దోనెకి పెట్టే పరీక్షే పెట్టాను. లోపల నాలుగు బిందెల నీళ్ళు పోసి, కారు కిందికి దూరి చూశాను. ఒక్క చుక్క కారలేదు. గర్వంగా చెంబుతో నీళ్ళు తోడుతుంటే మా ఆవిడ వచ్చింది.

"ఏవండీ, కారులోకి నీళ్ళెందుకొస్తాయి?"

"రోడ్డంతా గుంటలే కదా. కిందనుంచి వస్తాయి."

"పైనుంచి వస్తేనో?"

"పైన కప్పుంది కదే!"

ఇంజనీరింగు అందరికీ అర్థం కాదులే అని ఊరుకున్నాను. తారు మీద ఏలూరు తివాచీ పరిచాను, ఎర్రది. లోపల దర్బారులా ఉంది.

కూడిక ముందు రాత్రంతా వాన. షెడ్డులో విందు వంటసామాను సర్దడంతో కారు బయటే ఉంది. ముందు అద్దం చుట్టూ రబ్బరు నేనే స్వయంగా బిగించాను గనక, వాన నీళ్ళకి లోపలికి దారి వెతుక్కునే శ్రమ లేకపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. తివాచీ ఎర్రగా, నిండుగా కనిపించింది. కారు మొదటి తాళానికే స్టార్టయింది. పట్టుచీరలో అత్తయ్య గారు వెనక, తెల్ల ప్యాంటు, నల్ల బూట్లతో మామయ్య గారు నా పక్కన కూర్చున్నారు. మా ఆవిడ ముందే ఆటోలో వెళ్ళిపోయింది. నా మీద నమ్మకం అలాంటిది.

"బాబూ, కాళ్ళ దగ్గర చల్లగా ఉంది. ఏసీ పెట్టించారా?" అన్నారు అత్తయ్య గారు.

నేను వెనక్కి తిరిగి చూడబోయేసరికి ఆటో ఒకటి అడ్డమొచ్చింది. బ్రేకు వేశాను. గూడెం మెకానిక్ వేసిన బ్రేకులు కదా, బ్రహ్మాండంగా పట్టాయి. అత్తయ్య గారి దగ్గరున్న నీళ్ళన్నీ ముందుకొచ్చి మామయ్య గారి బూట్లలో దిగాయి. మళ్ళీ కదిలితే వెనక్కి వెళ్ళాయి. ఆపి తోడుదామంటే టైము చాలదు. మామయ్య గారు వాచీ చూసుకున్నారు.

"నడపండి," అన్నారు. అంతే.

అయిదు నిమిషాలు ముందే చేరాం. తలుపు తియ్యగానే చర్చి మెట్ల దాకా నీళ్ళు పారాయి. చేతులు చాపి ఎదురొచ్చిన పాస్టరు గారు రెండడుగులు వెనక్కి వేశారు. కూడిక సాగినంతసేపూ మొదటి వరసలో మామయ్య గారి బూట్లు కిచకిచమంటూనే ఉన్నాయి.

విందుకి జనం లేవగానే నేను పక్కకెళ్ళి గూడెం మెకానిక్‌కి ఫోను చేశాను.

"ఆ కన్నాలు నీళ్ళు బయటికి పోవడానికేనండీ బాబూ!" అన్నారు మెకానిక్. "కారుకెవరైనా తారు పూస్తారాండీ?"

ఫోను జేబులో పెట్టుకుని తిరిగితే, మామయ్య గారు మెట్ల మీద కూర్చుని మేజోళ్ళు పిండుకుంటున్నారు. ధైర్యం చేసి దగ్గరికెళ్ళాను.

"టైముకే చేర్చాను కదండీ మామయ్య గారూ. రేపు ఇనుము కొట్టుకి పంపరు కదండీ?"

ఆయన రెండో మేజోడు కూడా తాపీగా పిండి, అప్పుడు తలెత్తారు.

"ఇనుము కొట్టుకెందుకండీ! కొల్లేటి చుట్టూ పొలాలన్నీ చెరువులు చేసేశారు. మిగిలింది నా కారొక్కటే, అదీ చేసేశారు. రేపు చేపపిల్లలు తెచ్చి వదలండి, అల్లుడు గారూ."