అక్క చేత నేను మాన్పించిన అన్నం

మా అక్క రోగం నా తెలివి వల్ల నయమైందని చుట్టాల్లో ఒక మాట ఉంది. దాన్ని ఇన్నాళ్లూ కాదనకపోవడం నా తప్పు.

నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. కణానికి శక్తినిచ్చేది మైటోకాండ్రియా అని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బొమ్మ గీస్తున్నాను. అక్కకు రొమ్ము క్యాన్సర్ అని తేలి, వర్ధన్నపేట నుంచి మా ఇంటికొచ్చి కీమో మొదలుపెట్టినప్పుడు ఆ బొమ్మ నా తలకెక్కింది. క్యాన్సర్ కణంలో మైటోకాండ్రియా చెడిపోతుందని, ఆ కణం చక్కెర మీదే బతుకుతుందని, చక్కెర ఆపితే మాడి చస్తుందని ఒక వీడియోలో విన్నాను. అంతే, ఒక తిండి చార్టు రాసి గోడకు అంటించి, అక్కకు అన్నం, చాయ్, పండ్లు బంద్ చేశాను. చూడ్డానికొచ్చిన చుట్టాలకూ ఇదే క్యాన్సర్‌ను చంపే మందని చెప్పాను.

“బువ్వ లేకుంటె పానం నిలుస్తదారా?” అంది అక్క.

“నీకు తెల్వదక్కా, ఇది సైన్స్.”

మేమంతా పప్పన్నం తింటుంటే, ఉడికించిన గుడ్డు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది.

మూడో కీమోకు వెళ్తే, బాగా చిక్కిపోయిందని డాక్టరమ్మ మందు ఎక్కించకుండా వాయిదా వేసింది. ఏం తింటున్నావని అడిగింది.

“మా తమ్ముడు మంచిగనే పెడ్తాండు మేడం. నాకే ఆకలైతలేదు,” అంది అక్క.

బయటికి వచ్చేముందు నా చక్కెర సిద్ధాంతం ఎవరిదో అన్నట్టు అడిగాను. డాక్టరమ్మ నవ్వలేదు. “చాలా క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియా పనిచేస్తూనే ఉంటుంది సార్. చక్కెర దొరక్కపోతే కొవ్వో, ప్రోటీనో వాడుకుంటాయి. మాడేది మీ అక్క. అన్నం పెట్టండి.”

పెట్టాను. మూడు వారాలు ఆలస్యంగా మందు ఎక్కింది. నయమయ్యాక అక్క అందరితో “మా తమ్ముడే చూసుకున్నడు” అంటుంటే, నేను వినయంగా తల వంచుకున్నాను. వినయం బాగా కుదిరింది.

మొన్న నెక్కొండ నుంచి పెదనాన్న కోడలు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టాను. “మర్దీ, మీ అన్నకు పేగు క్యాన్సర్ అన్నరు. అక్కకు పెట్టిన చార్టు పంపు. రేపటి సంది బువ్వ బంద్ చేస్త.”

పక్కనే బియ్యం ఏరుతున్న అక్క చెయ్యి ఆగింది.

“బంద్ చెయ్యకు వదినె. నేను అక్కకు తప్పు చెప్పిన. నా వల్లనే కీమో ఆగింది. డాక్టర్‌ని అడుగు.”

“పంపుడు ఇష్టం లేకుంటె లేదను. గిన్ని బహానలెందుకు?”

నా అబద్ధాన్ని ఒక్క మాటతో నమ్మిన చుట్టాలు నిజానికి సాక్ష్యం అడుగుతున్నారు. అక్క చేట పక్కన పెట్టి ఫోన్ తీసుకుంది.

“వాడు నిజమే చెప్తాండు వదినె. అన్నకు బువ్వ పెట్టు. అప్పుడు నాకు మస్తు ఆకలైతుండె.”